రేపటి ధ్యాస లేదన్నవాళ్ళకు

"గిరిజనులకి రేపటి ధ్యాస ఉండదు."

ఈ మాట మనకి కొత్త కాదు. వారపు సంతలో చింతపండు కాటా వేసే షావుకారు అంటాడు. అప్పు ఫారాన్ని బల్ల మీంచి వెనక్కి తోసే గుమస్తా అంటాడు. పండక్కి ఇంటికెళ్ళిన పిల్లలు పదిరోజులైనా తిరిగి రాకపోతే ఆశ్రమ పాఠశాల స్టాఫ్ రూములో మాస్టారూ అంటారు. అనేవాళ్ళందరూ చెడ్డవాళ్ళు కారు. కొందరు జాలిపడే అంటారు, "పాపం, ఈ పూట గడిస్తే చాలు వీళ్ళకి" అని. తిట్టి అన్నా జాలితో అన్నా అర్థం ఒక్కటే: వీళ్ళ బీదరికానికి కారణం వీళ్ళ బుర్రలోనే ఉంది, మన చేతుల్లో ఏం లేదు.

పరాయివాళ్ళు అన్నంతకాలం సరే. ఇప్పుడు మన గుంటలే ఆ మాట నేర్చుకున్నారు. డిగ్రీ చదివిన కుర్రాడు తన తండ్రి గురించి స్నేహితులకి ఇదే చెబుతున్నాడు. అందుకే దీనికి జవాబు రాయాలనుకున్నాం. రేపటి గురించి మనిషి ఏమనుకుంటున్నాడో దాన్నిబట్టే ఈరోజు లేస్తాడు, పనికెళ్తాడు, పుస్తకం తెరుస్తాడు, తాగుతాడు, మానేస్తాడు. ఒక్కోసారి బతకడమే వద్దనుకుంటాడు. ఒక జాతికి రేపు లేదని వందేళ్ళు చెబుతూపోతే ఆ జాతి పిల్లల మనసు ఏమవుతుందో ఆలోచించారా?

ముందు ఆ మాటలో నిజమెంతో చూద్దాం.

సీతంపేట కొండల మీద గానీ, గుమ్మలక్ష్మీపురం, కురుపాం వైపు గానీ పోడు చూడని మాస్టారు ఉండరు. ఒకే చెక్కలో కంది, జొన్న, సామ, కొర్ర, చోడి, బొబ్బర, గట్టు వెంట గుమ్మడి. చూసేవాళ్ళకి కలగాపులగం. ఒకటి ముందు కోతకొస్తుంది, ఒకటి ఆఖర్న. వాన వెనకబడితే ఒకటి పోతుంది, ఇంకొకటి నిలబడుతుంది. ఇదే తెలివిని పట్నంలో ఇంగ్లీషు పేరు పెట్టి, ఫీజు తీసుకుని నేర్పుతారు. విత్తనపు గింజని ఆనపబుర్రలో పోసి, పొయ్యి పొగ తగిలేచోట వేలాడదీసే మన ఆడవాళ్ళని అడగండి. ఆషాఢంలో ఇంట్లో తిండిగింజ నిండుకున్నా ఆ బుర్ర మీద చెయ్యి వెయ్యరు. మామిడి టెంకలు ఏరి, ఎండబెట్టి, చేదు పోయేదాకా కడిగి, పిండి చేసి వానాకాలపు అంబలికి దాచింది ఎవరు? జీలుగు మొక్క నాటిన ఏడాదే కల్లు ఇవ్వదు, ఏళ్ళకేళ్ళు ఆగాలి. చింత సంగతి చెప్పనక్కర్లేదు. తాత నాటితే మనవడు దులుపుకుంటాడు. రేపటి ధ్యాస లేనివాడు చింతచెట్టు పెట్టడు.

అన్నిటికంటే మించింది కొత్తల పండగ. కందికొత్తలు చెయ్యకుండా కొత్త కంది నోట పెట్టం. మామిడి కొత్తలు కాకుండా కాయ తెంపం. ఊరిపెద్దలు, జన్నోడు కూర్చుని రోజు పెట్టాలి, పెద్దలకి పెట్టాలి, అప్పుడే ఊరంతా ఒకేసారి తినాలి. బయటివాళ్ళు దీన్ని మూఢాచారం అని రాసుకున్నారు. కాయ ముదిరి గింజ గట్టిపడ్డాకే కదా అది రేపటికి విత్తనమయ్యేది! కళ్ళెదుట కాయ వేలాడుతున్నా పసిపిల్లలతో సహా ఊరుఊరంతా ఆగుతుంది. ఈ ఆగడాన్ని మనం బడికెళ్ళి నేర్చుకోలేదు.

ఆగడం మీద ఒక పేరుమోసిన కథ ఉంది. టీచర్ల శిక్షణ తరగతుల్లో తరచుగా చెబుతారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల చివర్లో, 70ల మొదట్లో చిన్నపిల్లల ముందు మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి లాంటివి పెట్టాడు. నేను తిరిగొచ్చేదాకా తినకుండా ఉంటే రెండు ఇస్తాను అన్నాడు. కొందరు ఆగారు, కొందరు తినేశారు. ఏళ్ళు గడిచాక చూస్తే ఆగిన పిల్లలు చదువులో ముందున్నారట. ఇంకేముంది, బాగుపడటం అంటే మనసుని బిగబట్టుకోవడమే, బీదవాడు బీదవాడిగా ఉన్నది అది చేతకాకే అని ప్రపంచమంతా పాఠాలు మొదలయ్యాయి.

ఈ కథకి రెండో సగం ఉంది. అది మాత్రం శిక్షణ తరగతుల్లో వినిపించదు. 2013లో సెలెస్ట్ కిడ్, ఆమె తోటి పరిశోధకులు అదే పరీక్షని కొంచెం మార్చి ప్రచురించారు. మిఠాయి పెట్టడానికి ముందు పిల్లలకి బొమ్మలు వేసుకునే మంచి రంగులు తెస్తామని చెప్పారు. సగం మందికి అన్నట్టే తెచ్చిచ్చారు. మిగతా సగానికి "అయ్యో, లేవు" అని ఒట్టి చేతులతో వచ్చారు. ఆ తర్వాత మిఠాయి. మాట నిలబెట్టుకున్న పెద్దమనిషి ముందు పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన పెద్దమనిషి ముందు 3 నిమిషాలే. పిల్లల వయసు ఒకటే, మిఠాయి ఒకటే. మారిందల్లా ఎదుటివాడి నమ్మకస్తతనం. 2018లో ఇంకొందరు తొమ్మిది వందల పైచిలుకు పిల్లల వివరాలు తీసి చూస్తే, ఇంటి పరిస్థితుల్ని కూడా లెక్కలోకి తీసుకునేసరికి ఆ "ఆగినవాడే గెలుస్తాడు" అన్న సంబంధం చాలావరకు కరిగిపోయింది.

మాట తప్పే చేతి ముందు ఆగకపోవడం బలహీనత కాదు, అది తెలివి. మన సంగతంతా ఇక్కడే ఉంది.

ఏ ఆఫీసు మెట్లెక్కినా మనకి ఎప్పుడూ దొరికేది రేపే. సర్వేయరు లేడు, రేపు రా. సంతకం పెట్టే సారు మీటింగుకి వెళ్ళారు, రేపు రా. ఒకప్పుడు ఊళ్ళల్లో దయ్యం గుమ్మం తొక్కకుండా తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకునేవారు. ఆఫీసులు గోడ మీద రాయలేదు, అంతే తేడా. కొండ దిగి, ఆటోకి చార్జీ పెట్టుకుని, ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి ఇలా నాలుగుసార్లు అయితే ఐదోసారి రాడు. అప్పుడు రాస్తారు ఫైలు మీద, లబ్ధిదారుడికి ఆసక్తి లేదని.

అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీకి ఆ భూమి మీద హక్కు ఇవ్వాలని అందులో ఉంది. అమ్ముకునే వీల్లేదు గానీ బిడ్డలకి వారసత్వంగా వస్తుంది. జీడిమొక్క పెట్టినవాడు మూడు నాలుగేళ్ళు కాపు కోసం ఆగాలి. ఆ చెక్క తనదో అటవీ శాఖదో తేలకపోతే ఎవడు పెడతాడు, ఎందుకు పెడతాడు? పట్టా చేతికొచ్చిన ఊరికెళ్ళి చూడండి. గట్టు కట్టారు, మొక్క పెట్టారు, కంచె వేశారు. అదే జాతి, అదే మనుషులు. వాళ్ళ బుర్రలు రాత్రికి రాత్రి మారాయా?

మరో అభాండం, పూత మీదే పంట అమ్మేసుకుంటారని. నిజమే, జీడి పూతలో ఉండగానే బేరం కుదుర్చుకునేవాళ్ళున్నారు. అనాసపళ్ళు వచ్చిన ధరకి వదిలేసుకునేవాళ్ళున్నారు. ఎందుకు? తిండిగింజ అయిపోయింది, పిల్లకి జ్వరం, చేతిలో డబ్బు లేదు. 2013లోనే తమిళనాడు చెరకు రైతుల మీద ఒక పరిశోధన వచ్చింది. పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి అదే రైతులకి బుద్ధి పరీక్షలు పెట్టారు. డబ్బు లేని నెలల్లో అదే మనిషికి తక్కువ మార్కులు, డబ్బు వచ్చాక ఎక్కువ మార్కులు. లేమి మనిషి బుర్రలో చోటు ఆక్రమిస్తుంది. ఈరోజు గంజి ఎలా అన్న లెక్కలోనే మునిగినవాడికి వచ్చే ఏడాది లెక్క వేసే తీరిక ఉండదు. పూత మీద అమ్మకం ఆపాలంటే మనకి పొదుపు మీద ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఆషాఢ శ్రావణాల్లో వడ్డీ లేకుండా చేబదులు దొరకాలి. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, జీసీసీ, ఉన్నదెందుకు?

మన రేపటిని ఒకప్పుడు అక్షరాలా తూకం వేసి అమ్మారని కుర్రాళ్ళకి తెలియాలి. తాతముత్తాతల కాలంలో కొండ మీద అప్పు అంటే డబ్బు సంగతి కాదు, మనిషి సంగతి. అప్పు తీరేదాకా షావుకారి ఇంట కంబారితనం. తండ్రి చేసిన అప్పుకి కొడుకు. ఇంకా పుట్టని ఏళ్ళు కూడా కాగితం మీద వేలిముద్రగా ముందే రాసిచ్చేసినట్టు. ఏజెన్సీలో వడ్డీకి హద్దు పెట్టి, కొండవాళ్ళ భూమి బయటివాళ్ళకి పోకుండా చూస్తామన్న చట్టం 1917లోనే వచ్చింది. యాభై ఏళ్ళ తర్వాత కూడా పల్లపు భూములు షావుకార్ల పేరునే ఉన్నాయి. చట్టం రూపంలో ఇచ్చిన మాట అది.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకి బయల్దేరినవాళ్ళని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్చారు. కోరన్న, మంగన్న చనిపోయారు. వాళ్ళు అడగడానికి బయల్దేరింది ఏమిటి? మా భూమి మాకు, మా కూలి మాకు, మా పిల్లల్ని కంబారితనం నుంచి వదలండి అని. మూడూ రేపటి సంగతులే. రేపటి ధ్యాస లేనివాళ్ళు సంఘం పెట్టుకుని కొండలు దాటి సభకి నడుస్తారా? ఆ సంఘాన్ని నడిపినవాళ్ళలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళు. 1970 జులైలో చంపబడ్డారు. తర్వాత వాళ్ళు పట్టిన దారి మీద మనలోనే వేరువేరు అభిప్రాయాలున్నాయి, ఆ చర్చ ఇక్కడ కాదు. 1970 ఫిబ్రవరిలో ఒకటో నెంబరు రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల మధ్య కూడా చేతులు మారడానికి వీల్లేదని. అడిగిన తర్వాతే వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో షెడ్యూలులో చేరని మన ఊళ్ళు ఎన్నో ఆ రక్షణకి బయటే ఉండిపోయాయి. ఆ ఊళ్ళని షెడ్యూలులో కలపమని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట ఐటీడీఏ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. మందస, మెళియాపుట్టి వైపు సవరలు మాకూ ఐటీడీఏ కావాలని మళ్ళీ మొదట్నుంచి అడగాల్సి వచ్చింది.

ఇక మన తరం చూసిన దెబ్బ. 2000 జనవరి 10న ప్రభుత్వం జీవో నెంబరు 3 ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతపు బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. పల్లం నుంచి వచ్చే పంతులు కొండెక్కక బళ్ళు మూతపడుతున్నాయని ఇచ్చిన జీవో అది. అందులో చేరని ఊళ్ళు ఉన్నా, దాని వల్ల కొండ మీద ఒక నిచ్చెన కనబడింది. పదో తరగతి, ఇంటరు, డైట్‌లో ట్రైనింగు, డీఎస్సీ, సొంత మండలంలో ఉద్యోగం. మెట్లు లెక్కపెట్టుకోవచ్చు. పక్క గూడెం అక్క ఎక్కిందీ నిచ్చెన, మనమూ ఎక్కగలం. ఆడపిల్లల పెళ్ళి ఆపి ట్రైనింగుకి పంపిన తల్లులున్నారు. వాళ్ళకి ఎవరూ భవిష్యత్తు మీద క్లాసు తీసుకోలేదు. నిచ్చెన కనబడింది, ఎక్కించారు, అంతే.

2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్‌లో దేశమంతా తలుపులు మూసుకున్నప్పుడు, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవో చెల్లదంది. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగం ఒప్పదంది. అప్పటికే చేరినవారి ఉద్యోగాల జోలికి పోలేదు. నష్టపోయింది రాబోయేవాళ్ళు. చదువుకున్న చదువు చేతిలో, కొట్టేసిన మెట్టు కాలి కింద. తీర్పులో న్యాయసూత్రాలు ఏమున్నా, దాని వెనకాల వచ్చిన ప్రభుత్వాలు మరో దారి ఎందుకు వెయ్యలేదో చెప్పాల్సింది వాళ్ళే. మేం చెప్పేది మనసు సంగతి. ట్రైనింగు పూర్తిచేసి ఇంట్లో కూర్చున్న కుర్రాళ్ళు మనకి తెలుసు. మొదటి ఏడాది పుస్తకాలు తీస్తారు. రెండో ఏడాది పొద్దెక్కాక లేస్తారు. మూడో ఏడాది ఎవరైనా "ఏం చేస్తున్నావురా" అంటారని సంతకి రావడం మానేస్తారు. ఇంట్లోవాళ్ళు దాన్ని బద్ధకం అంటారు. బద్ధకం కాదది.

ఆరన్ బెక్ అనే అమెరికన్ వైద్యుడు 1974లో నిస్పృహని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. బాధలో ఉన్న మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించి చెప్పిందేమిటంటే, ప్రాణం తీసుకునేదాకా తీసుకెళ్ళేది ఒట్టి దుఃఖం కంటే నిస్పృహ ఎక్కువ. దుఃఖం నిన్నటి గురించి. నిస్పృహ రేపటి గురించి, ముందు తలుపు లేదనుకోవడం. దీనికి తోబుట్టువు ఇంకోటుంది. తలుపులన్నీ ఉన్నాయి, ప్రతి తలుపు వెనకా పులి ఉందనుకోవడం. పరీక్ష పోతే? ఫీజు రీయింబర్స్‌మెంటు పడకపోతే? హాస్టలు ఖాళీ చెయ్యమంటే? రాత్రిళ్ళు నిద్రపట్టదు, గుండె దడ, కడుపులో నొప్పి. పిల్లలు కడుపునొప్పి అనే చెబుతారు, దిగులు అనరు.

ఇలాంటివాళ్ళ ముందుకి ప్రేరణ కల్పించే వక్త వస్తాడు. బ్లేజరు వేసుకుని, మైకు చెవికి తగిలించుకుని, పెద్ద కలలు కనండి అంటాడు. కళ్ళు మూసుకోండి, పదేళ్ళ తర్వాత మీరు కలెక్టరు కుర్చీలో ఉన్నట్టు ఊహించండి అంటాడు. పిల్లలు కళ్ళు మూసుకుంటారు, చప్పట్లు కొడతారు. ఆయన కారెక్కి వెళ్ళిపోతాడు. ఈ కలల వైద్యం మీద మాకు కోపమే ఉంది. జర్మనీలో గాబ్రియేల ఓటింగెన్ అనే ఆమె దీని మీదే పరిశోధన చేసింది. 2002లో ప్రచురించిన వ్యాసంలో చదువు ముగించి ఉద్యోగం వెతుక్కునే వాళ్ళని చూసింది. నాకు బ్రహ్మాండమైన ఉద్యోగం వచ్చేసినట్టు తియ్యగా ఊహించుకున్నవాళ్ళు తక్కువ దరఖాస్తులు పెట్టారు, వాళ్ళకి తక్కువ ఉద్యోగాలు వచ్చాయి. ఇప్పటిదాకా జరిగినదాన్ని బట్టి "వస్తుంది" అని నమ్మినవాళ్ళు ఎక్కువ ప్రయత్నించారు, ఎక్కువ సాధించారు. కల వేరు, నమ్మకం వేరు. కల ఎవరైనా అమ్మొచ్చు. నమ్మకం మాత్రం జరిగిన పనుల్లోంచి పుట్టాలి. ఇచ్చిన మాట నిలబడటం నాలుగుసార్లు చూస్తే ఐదో మాట నమ్ముతాం. మన పిల్లలకి కొదవ కలలది కాదు.

ఇంకో సంగతి. వక్త చూపించే ఆ కలెక్టరు కుర్చీలో కూర్చున్నది ఎవరు? మన గుంటే, కానీ సవర మాట మర్చిపోయి, ఊరి పేరు చెప్పుకోకుండా, అమ్మ ముక్కుపోగుని చూసి సిగ్గుపడే గుంట. బాగుపడటం అంటే మనం మనం కాకుండా పోవడమే అని బడిలో పదేళ్ళు చూపించాక పిల్ల ముందు రెండే దార్లు మిగులుతాయి. తనని తాను వదులుకునే రేపు ఒకటి, అసలు లేని రేపు ఒకటి.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఆదివాసీ యువత ఆత్మహత్యల మీద మైకేల్ చాండ్లర్, క్రిస్టొఫర్ లలోండ్ 1998లో ప్రచురించిన పని ప్రతి ఐటీడీఏ బల్ల మీద ఉండాలి. అక్కడ దాదాపు 200 ఆదివాసీ సముదాయాలు. బయట అందరూ అనేది, ఆదివాసీ కుర్రాళ్ళలో ఆత్మహత్యలెక్కువ అని. వీళ్ళు ఊరూరి లెక్క తీస్తే, సగానికి పైగా సముదాయాల్లో వాళ్ళు చూసిన ఐదేళ్ళలో ఒక్క యువకుడూ అలా పోలేదు. కొన్ని చోట్ల మాత్రం ఘోరం. తేడా ఎక్కడుందని వెతికారు. తమ భూమి కోసం నిలబడ్డారా, తమ పాలన తమ చేతిలో ఉందా, బడి, వైద్యం, ఊరి రక్షణ తామే నడుపుతున్నారా, తమ సంస్కృతికి ఒక కట్టడం ఉందా అని ఆరు విషయాలు చూశారు. ఆరూ ఉన్నచోట ఒక్క చావు లేదు. ఒక్కటీ లేనిచోట అన్నిటికంటే ఎక్కువ. 2007లో భాష లెక్క తీశారు. సొంత భాష మాట్లాడేవాళ్ళు ఎక్కువున్న ఊళ్ళలోనూ యువత ఆత్మహత్యలు బాగా తక్కువే. ఒకదానికొకటి కారణమని అంత తేలిగ్గా తేల్చలేం, పరిశోధకులు కూడా జాగ్రత్తగానే మాట్లాడారు. కానీ నిన్న ఉన్న మనమే రేపూ ఉంటాం అన్న నమ్మకం ఊరికి ఉంటే ఊళ్ళో కుర్రాడికీ ఉంటుందన్నది మనకి అర్థం కాని సంగతి కాదు. కొత్తల పండగలో పెద్దలకి పెట్టి, పిల్లలకి పెట్టి, ఆ తర్వాత మనం తినడంలో ఉన్నది అదే.

కుర్రాళ్ళతో కూడా రెండు మాటలున్నాయి. ఇదంతా చదివి, తప్పంతా వాళ్ళదే, నేనేం చెయ్యక్కర్లేదు అనుకుంటే ఒప్పుకోం. "రేపెవుడు సూసొచ్చాడు?" అని జీలుగు కల్లు మానేసి క్వార్టరు సీసా ఎత్తేవాడు, ఫోనులో బెట్టింగ్ యాప్‌కి అమ్మ డ్వాక్రా డబ్బు పోసేవాడు, షావుకారి పుస్తకానికి బదులు లోన్ యాప్‌కి ఆధారు నెంబరు ఇచ్చి కొత్త కంబారి అయ్యేవాడు మనలో పెరుగుతున్నారు. ఆ యాప్ కూడా రేపునే అమ్ముతుంది, పదివేలు పెడితే లక్ష అని. రేపు కనబడనివాడికి లాటరీ ఒక్కటే రేపులా కనబడుతుంది. అది అర్థమవుతుంది, కానీ ఊరుకోలేం. మన పెద్దల్లో కొందరు చదువులొద్దు, పోడే మేలు అంటున్నారు. వాళ్ళతోనూ పేచీయే. పోడు మనకి తెలివి నేర్పింది. పిల్లని బడి మాన్పించడానికి దాన్ని సాకు చెయ్యకండి.

మాస్టార్లు, మేడమ్‌లు, ఈ పుస్తకం మీ చేతికొస్తుంది కాబట్టి అడుగుతున్నాం. మీరు కొండ మీద ప్రభుత్వానికి ముఖం. బుధవారం వస్తానంటే బుధవారం రండి. ప్రైజు ఇస్తానంటే పెన్సిలైనా సరే ఇచ్చెయ్యండి. అది పెన్సిలు కాదు, ఆ పిల్ల జన్మలో మొదటిసారి నిలబడిన మాట అయ్యుండొచ్చు. పదేళ్ళ తర్వాత ఏమవుతావు అని అడగడం మాని, వచ్చే సంతకి ఏం చేద్దామనుకుంటున్నావు, సంక్రాంతికి ఏ పాఠం దాకా వెళ్దాం అని అడగండి. దగ్గరి రేపు చెయ్యి చాపితే అందుతుంది. అందిన రేపు ఇంకో రేపుని నమ్మిస్తుంది. పదో తరగతి తర్వాత ఏ ఊళ్ళో ఏ కాలేజీ, ఏ నెలలో ఫారం, కులధ్రువీకరణ పత్రానికి ఎన్నిరోజులు, ఇవి బోర్డు మీద రాయండి. కలెక్టరు కల కంటే ఆ బోర్డు ఎక్కువ పని చేస్తుంది.

ఆటలు మానేసిన పిల్ల, అన్నం వదిలేసే పిల్లాడు, తన వస్తువులు స్నేహితులకి పంచేస్తున్నవాడు, "నేనుండను కదా" అని నవ్వుతూ అనే అమ్మాయి, వీళ్ళని పక్కకి పిలిచి సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది భయం మాత్రమే. అడిగితే బరువు దిగుతుంది. ఒంటరిగా వదలకండి, ఇంటికి కబురు పెట్టండి, ఆసుపత్రికి తోడు వెళ్ళండి. 14416 నెంబరు టెలీమానస్, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు. హాస్టలు గోడ మీద పెద్దక్షరాల్లో రాయించండి.

2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో చనిపోయిన ఒక విద్యార్థిని కేసులోనే, వంద మంది అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరు ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మన ఆశ్రమ పాఠశాలల్లో వంద మంది లేనిది ఎక్కడ? కాబట్టి అడగాలి. అడిగేటప్పుడు ఒక మాట కలిపి అడగాలి, ఆ కౌన్సెలరుకి సవర గానీ కువి గానీ రావాలి. దిగులు చెప్పుకోవడానికి కూడా పరాయి భాష వెతుక్కోవాలంటే పిల్ల మళ్ళీ కడుపునొప్పి అనే చెబుతుంది. సవర పిల్లలకి సవరలో చెప్పాలని గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో నూరేళ్ళ కిందటే బడి పెట్టి, వాచకాలు రాసి చూపించాడు. 2004లో ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలెట్టింది, అందులో సవర, కువి ఉన్నాయి. ఆ భాషల్లో చెప్పడానికి పెట్టినవాళ్ళు వాలంటీర్లు. వాళ్ళ కొలువు ఏ ఏడాదికి ఆ ఏడాదే. అమ్మ భాషలో రేపటి గురించి పిల్లలకి చెప్పాల్సిన మనిషికి వచ్చే జూన్‌లో తనకి పనుంటుందో లేదో తెలియదు.

విభజన చట్టంలో 2014లో గిరిజన విశ్వవిద్యాలయం రాశారు. పార్లమెంటులో దానికి చట్టం 2019లో అయింది. శాశ్వత భవనాలకి శంకుస్థాపన 2023 ఆగస్టులో. 2014లో ఐదో తరగతి చదువుతున్న గుంట, చదువు ఆగకుండా సాగితే, శంకుస్థాపన నాటికి డిగ్రీలో ఉంది. రేపటి ధ్యాస ఎవరికి లేదో ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

వచ్చే గ్రామసభకి మేం తీసుకెళ్ళే కాగితంలో నాలుగే ఉన్నాయి. పెండింగులో ఉన్న అటవీ హక్కు దరఖాస్తు ఒక్కొక్కదానికీ ఏ తేదీకి తేలుస్తారో రాసివ్వాలి. జీవో 3 పోయినచోట స్థానిక గిరిజన టీచర్ల నియామకానికి చట్టబద్ధమైన దారి చూపాలి. ఆశ్రమ పాఠశాలకి మన భాష వచ్చిన కౌన్సెలరు కావాలి. భాషా వాలంటీర్లని జూన్ రాకముందే, ఏడాదికి కాదు, పర్మనెంటు చెయ్యాలి. మీ ఊరి సభలో కూడా పెట్టండి. తీర్మానం పుస్తకంలో ఎక్కించాక, కింద తేదీ వేయించడం మర్చిపోకండి.